అడ్డుబిళ్ళ లేని కత్తి

"మీవారి కోసం కొంటున్నారా?" అని అడిగాడు దుకాణం పెద్దాయన. టోక్యోలో ఇంటర్నేషనల్ ఫోరం ఆవరణలో నెలకి రెండు ఆదివారాలు పాతవస్తువుల సంత జరుగుతుంది. అక్కడ గుడ్డ మీద పరిచిన ఇనప బిళ్ళల ముందు కూర్చుని ఉన్నాను. "కాదు, నాకే" అన్నాను వచ్చీరాని జపనీసులో. ఆయన మరోసారి నా మొహం చూసి, ధర చెప్పాడు.

ఆ బిళ్ళని త్సుబా అంటారు. జపాను కత్తిలో పిడికీ అలుగుకీ మధ్య ఉంటుంది. పొడిచేటప్పుడు చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా ఆపుతుంది. కత్తి బరువుని తూకంలో ఉంచుతుంది. అడ్డకొలత ఏడెనిమిది సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. నాది రెక్కలు గుండ్రంగా చాచిన కొంగ. చుట్టూ ఇనుముని కోసి తీసేస్తే కొంగ మిగిలిందన్నమాట.

అమ్మకి ఫోన్లో చెప్తే మొదట అడిగింది, "శనివారం కొనలేదు కదా?" అని. ఆదివారమే అన్నాక ఊపిరి పీల్చుకుని, "అయినా దాన్నేం చేసుకుంటావే?" అంది. "కత్తి లేకుండా ఉత్త బిళ్ళెందుకు?" అన్నాడు మా ఆయన. ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను.

హైదరాబాదులో కాలేజీ ఉద్యోగం వదిలేసి ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. నా వీసా మీద 'ఆధారపడినవారు' అనే అర్థం వచ్చే మాట ఉంది. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. పిల్లలకి ఇంగ్లీషు చెప్పగా వచ్చిన మొదటి డబ్బుతో కొన్నది ఈ కొంగ. కత్తి కొనాలంటే దానికి రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. త్సుబాకి అదేమీ అక్కర్లేదు.

1876లో మెయిజీ ప్రభుత్వం, సైన్యం, పోలీసులు వంటివాళ్ళకి తప్ప మిగతావాళ్ళెవరికీ నడుముకి కత్తి కట్టుకునే హక్కు లేదని ఆజ్ఞ ఇచ్చింది. తరతరాలుగా త్సుబాలు చేసినవాళ్ళకి పని పోయింది. కానో నత్సువో వంటి గొప్ప పనివాడు నాణేల నమూనాలు చెక్కాడు. ఎన్నో త్సుబాలు కత్తుల నుంచి విడిపోయి బోస్టన్, న్యూయార్క్ మ్యూజియాల దాకా వెళ్ళాయి. చేసే పని పోయాక కూడా ఆ వస్తువులో పనితనం మిగిలే ఉంటుందని ఆ కథ చదివినప్పుడు అనిపించింది. ఆ రోజుల్లో నాకు అలాంటి మాటలు అవసరమయ్యాయి.

దాన్ని చూసుకునే పద్ధతి మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. ఎర్ర తుప్పు ఇనుముని తినేస్తుంది. ఏళ్ళ తరబడి పట్టిన నల్లటి పొర కాపాడుతుంది. ఎర్రదాన్ని ఎముక ముక్కతో మెల్లగా గీకాలి. నల్లదాని జోలికి పోకూడదు. మెత్తటి నూలుగుడ్డతో తుడుస్తూ ఉండాలి. అమ్మ అట్లపెనం విషయంలో మా అందరినీ తిట్టింది ఇందుకే కదా!

ఒకరోజు అదే పెద్దాయన చిన్న బాకు ఒకటి చూపించాడు. కైకెన్ అట. సమురాయి కుటుంబాల ఆడవాళ్ళు బట్టల్లో దాచుకునేవారు. ఇప్పటికీ సంప్రదాయ పెళ్ళికూతురి అలంకారంలో అది ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే పిడీ ఒరా నున్నగా కలిసిపోయి ఉన్నాయి. "దీనికి త్సుబా ఏదీ?" అన్నాను. "మామూలుగా ఉండదు. బట్టలకి అడ్డుపడుతుంది కదా" అన్నాడు.

కారణం సబబుగానే ఉంది. కానీ ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన. ఆ బాకు ఆత్మరక్షణకే కాదు, 'పరువు' పోయే పరిస్థితి వస్తే ప్రాణం తీసుకోవడానికి కూడా. 1868లో శత్రుసైన్యం ఐజు పట్టణంలోకి వచ్చిన రోజున, సైగో తనోమో అనే పెద్ద అధికారి ఇంట్లో తల్లి, భార్య, చెల్లెళ్ళు, కూతుళ్ళు, బంధువులు కలిపి 21 మంది చనిపోయారు. ఆయన 1903 దాకా బతికాడు. మగవాడి కత్తికి చెయ్యి తెగకుండా కొంగలూ పూలూ చెక్కిన అడ్డు. ఆడదాని కత్తికి, ఎంత అందంగా ఉన్నా, అడ్డే లేదు.

అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు దాని ముందు కూర్చుంది. ఆమె కుడి బొటనవేలి మీద గీతలు లెక్కపెట్టలేం. తెగినప్పుడల్లా ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ తరుక్కునేది. "చూసుకోవద్దూ?" అనేవారు నాన్న.

ఇప్పుడు నా దగ్గర నాలుగు త్సుబాలున్నాయి. కొత్తవి కొనడం కొంత తగ్గించాను. ట్యూషన్ల డబ్బులో సగం నా పేరున వేరే అకౌంట్లో వేస్తున్నాను. "మనిద్దరికీ ఒకటుంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అని అడిగాడు మా ఆయన. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. కొంగని ఆయన అరచేతిలో పెట్టి, ఇది దేనికి పనికొస్తుందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.