ఉక్కునగరంలో తేనెచుక్క

భిలాయి పేరు వినగానే మనసులో మెదిలేది కొలిమి. సోవియట్ సహకారంతో నిర్మించిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ-రాజ్‌హరా గనుల ఇనుపరాయి ఇక్కడే కరిగి, రైలు పట్టాలై దేశమంతటా పరచుకున్నది. ఉద్యోగాల కోసం నానా రాష్ట్రాల ప్రజలు వచ్చి ఈ ఊరి సెక్టార్లలో స్థిరపడ్డారు. వారిలో శ్రీకాకుళం ప్రాంతపు తెలుగువారూ ఉన్నారు. అందరూ తమతోపాటు తమ ఇంటి వైద్యాన్ని కూడా తెచ్చుకున్నారు.

వేసవిలో ఎవరికైనా నోరు పూస్తే, “వేడి చేసింది, కాస్త తేనె రాయండి” అంటుంది తెలుగింటి ముసలమ్మ. ఇరుగుపొరుగు వారిలో ఒకరు అతిమధురం అంటారు, మరొకరు కలబంద గుజ్జు అంటారు. నల్లతుమ్మ బెరడు కషాయంతో పుక్కిలించమనేవారూ ఉన్నారు.

ఈ మాటలు వట్టి నమ్మకాలు కావు. తేనె పుండుపై పొరలా నిలిచి సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటుంది. అతిమధురం వాపును, మంటను తగ్గిస్తుంది. అయితే రక్తపోటు ఉన్నవారు దానిని అదేపనిగా మింగరాదు. కలబందలో పసుపుపచ్చని పాలు కారిపోయాక మిగిలిన తెల్లని గుజ్జే పనికివస్తుంది. తుమ్మబెరడులో ఉన్నది వగరు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించినా ఉపశమనం కలుగుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె తగదు.

మామూలు నోటిపూత ఒకటి రెండు వారాలలో దానంతట అదే మానుతుంది. పై పూతలు బాధను తగ్గిస్తాయే గాని, పూత మళ్లీ రాకుండా ఆపలేవు. మాటిమాటికీ నోరు పూసేవారిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ల కొరత ఉన్నదేమో రక్తపరీక్షతో తెలుసుకోవాలి. ఉక్కునగరంలో ఉన్నంత మాత్రాన ఒంట్లో ఇనుముకు లోటుండదని చెప్పలేము!

అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసిన ‘గుడాఖు’తో పళ్లు తోముకునే అలవాటు చాలామందికి, ముఖ్యంగా స్త్రీలకు, ఉన్నది. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి పీల్చే అడ్డపొగ ఇటువంటిదే. రెండూ నోటి క్యాన్సర్‌కు దారి తీయగలవు. ఆ పుండు మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. మామూలు పూతే అనుకుని తేనె రాస్తూ కూర్చుంటే విలువైన కాలం చేజారుతుంది.

కాబట్టి తేనె రాసిన రోజునే తేదీ గుర్తుంచుకోవాలి. మూడు వారాలు గడిచినా మానని పుండును, తెల్లని లేదా ఎర్రని మచ్చను, గట్టిపడిన అంచును వైద్యునికి చూపించి తీరాలి. భిలాయి వాసులకు సెక్టార్ 9లో కర్మాగారం వారి పెద్దాసుపత్రి ఉన్నది. ముసలమ్మ చెప్పిన తేనెను కాదననక్కరలేదు. కాని దానికీ ఒక గడువు ఉండాలి.