నెలలు నిండేదాకా ఆగలేదు

తొమ్మిదో నెలలో మా అమ్మాయికి ఇన్సులిన్ డోసు తగ్గింది. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. అది మాత్రం భయపడింది.

దానికి ఎనిమిదో ఏటి నుంచీ టైప్ వన్ షుగర్. తొలి కాన్పు కాబట్టి ఉయ్యూరు తెచ్చుకున్నాం. కడుపు పెరిగేకొద్దీ మాయలో పుట్టే హార్మోన్లు ఇన్సులిన్‌కి అడ్డుపడతాయి, డోసు పెంచుకుంటూ పోవాలి. ఎనిమిదో నెలకి దాదాపు రెట్టింపయింది. అలాంటిది ఉన్నట్టుండి రాత్రిళ్ళు షుగర్ 58కి, 62కి పడిపోవడం మొదలైంది. తిండి మారలేదు, డోసు పెంచలేదు. "మాయ నీరసపడుతోందేమోనమ్మా, డాక్టరు గారికి చూపించాలి" అంది. రీడింగులు రాసుకునే నోటుబుక్కు పట్టుకుని పొద్దున్నే బెజవాడ బయల్దేరాం. క్రషింగ్ సీజను, బందరు రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. కంకిపాడు దాటేసరికే నాకు ప్రాణం విసిగిపోయింది.

స్కానింగులో బిడ్డ మూడు కిలోలు దాటింది. గుండె చప్పుడు బాగానే ఉంది. డాక్టరమ్మ నోటుబుక్కు అంతా తిప్పి చూసి, కూర్చోబెట్టి చెప్పింది. 37 వారాలు నిండాయి. టైప్ వన్ ఉన్న తల్లికి వేరే చిక్కులు లేకపోయినా 37 వారాల నుంచి 38 వారాల 6 రోజుల లోపు కాన్పు చేయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్తాయి. షుగర్ అదుపులో ఉంటే 39 వారాలు నిండేదాకా ఆగవచ్చని అమెరికా వైద్యులు అంటారు. ఆగితే బిడ్డ ఊపిరితిత్తులు ఇంకాస్త గట్టిపడతాయి. కానీ ఈ తల్లుల్లో బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. డోసు ఇలా పడిపోతుంటే ఆగమని తను చెప్పలేనంది. జెల్ పెట్టి నొప్పులు తెప్పిద్దాం, కుదరకపోతేనే ఆపరేషన్, సాయంత్రంలోపు ఆలోచించుకుని చెప్పమంది.

వరండాలో కూర్చున్నాం. వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది. "వదినగారూ, నెలలు నిండని పిల్లని బయటికి తియ్యడమేంటండీ? తియ్యక తప్పదంటే వచ్చే గురువారం మంచి ముహూర్తం ఉంది, ఆపరేషనే చేయించేద్దాం." ఫోన్లో మా అమ్మ: "వీరమ్మ తల్లి తిరునాళ్ళు నడుస్తున్నాయే, అవి కానివ్వండి." ఆ ఇద్దరి ప్రేమనీ నేను శంకించను. కానీ 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కోత మనకి ఎంత మామూలైపోయిందంటే, దానికి పంచాంగం చూస్తాం గానీ నోటుబుక్కు చూడం.

అమ్మాయి అంతా విని వాళ్ళత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, లోపలున్న బిడ్డ షుగర్ నేను చూడలేను. బయటికొస్తే మడమ మీద గుచ్చి చూడొచ్చు. పడిపోతే గ్లూకోజ్ ఎక్కిస్తారు. కనపడని చోట పెట్టుకుని గురువారం దాకా ఎలా ఆగను?" అల్లుడు లేచి వెళ్ళి డాక్టరమ్మకి సరేనని చెప్పొచ్చాడు.

ఆ రాత్రి జెల్ పెట్టాక నొప్పులు రాలేదు. నిద్ర పట్టక అమ్మాయి నాకు ప్రిసిల్లా వైట్ గురించి చెప్పింది. బోస్టన్‌లో షుగర్ వైద్యుడు జోస్లిన్ దగ్గర పనిచేసిన డాక్టరు. 1921లో ఇన్సులిన్ కనుక్కున్నాక షుగర్ ఉన్న ఆడపిల్లలు బతికి తల్లులవుతున్నారు, కానీ చివరి వారాల్లో బిడ్డలు పోతున్నారు. ఆవిడ వాళ్ళకి ముందుగానే కాన్పు చేసే పద్ధతి పెట్టింది. కడుపులో బిడ్డని గమనించే పరీక్షలు వచ్చాక ఇంకొన్నాళ్ళు ఆగే ధైర్యం డాక్టర్లకి కలిగిందట.

మర్నాడు మళ్ళీ జెల్, ఆ తర్వాత నొప్పుల సెలైన్. రెండో చేతికి గ్లూకోజు, ఇన్సులిన్. గంట గంటకీ సిస్టర్ వేలు గుచ్చేది. "ఆ వేలు గట్టిపడిపోయింది సిస్టర్, ఉంగరం వేలికి పక్కన గుచ్చండి" అని నొప్పుల మధ్యలోనే చెప్పేది. ఆ వేళ్ళ కొసలు చూశాను. నల్లటి చుక్కలు, చర్మం కాయకట్టి ఉంది. సెలైన్ పెట్టేటప్పుడే ఇంకో మాట కూడా చెప్పి ఉంచింది: మాయ పడగానే ఇన్సులిన్ తగ్గించాలని, అవసరం ఒక్కసారిగా పడిపోతుందని.

చీకటి పడ్డాక ఆడపిల్ల పుట్టింది, కోత లేకుండా. గట్టిగానే ఏడ్చింది. కాసేపటికి మడమ గుచ్చి చూస్తే షుగర్ 34. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి నుంచి వచ్చే చక్కెరకి బిడ్డ ఒళ్ళు ఎక్కువ ఇన్సులిన్ తయారుచెయ్యడం అలవాటు చేసుకుంటుంది. బొడ్డు కోశాక చక్కెర ఆగిపోతుంది, ఇన్సులిన్ మిగులుతుంది. నర్సరీలో పెట్టి గ్లూకోజ్ ఎక్కించారు. మర్నాటికి కుదుటపడింది. వియ్యపురాలే మొదట ఎత్తుకుంది.

ఇంటికొచ్చాక మా అమ్మ పథ్యం మొదలుపెట్టబోయింది: ఒంటిపూట అన్నం, వెల్లుల్లి కారం. అమ్మాయి ఒప్పుకోలేదు. పాలిచ్చే ప్రతిసారీ ముందు ఏదో ఒకటి తినేది, పక్కనే పంచదార డబ్బా పెట్టుకునేది. పాలిస్తే ఇన్సులిన్ వాడే తల్లికి షుగర్ పడిపోవచ్చు. మీ ఇంట్లో టైప్ వన్ ఉన్న బాలింత ఉంటే దయచేసి కడుపు మాడ్చకండి. రాత్రి పాలకి లేచినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండండి.