చెమ్మ గోడకు జవాబు ఎవరు చెప్పాలి?

2020 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. అద్దె ఫ్లాటు గోడలకు పట్టిన బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022 నవంబరులో కరోనర్ విచారణ తేల్చింది. తండ్రి 2017 నుంచే మొరపెట్టుకుంటున్నాడు. ఆయనకు దొరికిన సలహా, పైన రంగు వేసుకోమని.

బందరులో అద్దెకున్నవాళ్ళకు ఇది కొత్త మాట కాదు. "వానాకాలం కదమ్మా, ఎవరింట్లో చెమ్మ లేదు? సంక్రాంతికి వెల్ల వేయిస్తాలే" అంటారు ఇంటివాళ్ళు. అక్కడ పుట్టి పెరిగి ఇప్పుడు ఇంగ్లండులో అద్దెకుంటున్న ఈ వ్యాసకర్త ఆ మాట వింటూనే పెద్దవాడయ్యాడు. పిల్లలు రాత్రంతా దగ్గితే అల్లం కషాయం కాచారే గానీ, మంచం పక్కన నల్లబడిన గోడను ఎవరూ అనుమానించలేదు.

కృష్ణా డెల్టాలో తడికి కొదవ లేదు, నిజమే. బందరుకు ఉప్పుగాలి, గుడివాడ చుట్టూ కాలవలు, వరిచేలు. దివిసీమనైతే కృష్ణ పాయలూ సముద్రమూ చుట్టుకునే ఉంటాయి. పునాది మీద తేమను ఆపే పొర (డీపీసీ) వేయకుండా లేపిన గోడ నేలలోని ఉప్పునీటిని పీల్చుకుంటుంది. నీరు ఆరాక మిగిలిన ఉప్పు ప్లాస్టరింగును పొంగించి పెచ్చులుగా రాలుస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగినప్పుడు లంకల్లో ఎన్నో ఇళ్ళు మునిగాయి. అలా నానిన గోడలు లోపలిదాకా ఆరాలంటే నెలలు పడుతుంది.

కానీ కారుతున్న శ్లాబు, పగిలిన పైపు, కిటికీ లేని స్నానాల గది వాన చేసినవి కావు. వాటికి బాధ్యుడు ఉంటాడు.

ఇంగ్లండులో ఆ బాధ్యతకు గడువు పెట్టారు. 2025 అక్టోబరు 27న అమల్లోకి వచ్చిన 'అవాబ్ చట్టం' ప్రకారం, సామాజిక గృహాల యజమాని ప్రమాదకరమైన చెమ్మ, బూజు గురించి తెలిసిన 10 పనిదినాల్లో పరిశీలించాలి. ఆరోగ్యానికో భద్రతకో తక్షణ ప్రమాదం ఉంటే 24 గంటల్లో కదలాలి. మన విద్యార్థులు ఎక్కువగా ఉండే ప్రైవేటు ఇళ్ళకు ఈ గడువులు ఇంకా వర్తించవు. అయినా ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న 2018 చట్టం వాళ్ళకు అండగా ఉంది. వ్యాసకర్త పడకగదిలో బూజు పట్టినప్పుడు ఏజెంటు "కిటికీలు తెరవండి" అని చేతులు దులుపుకున్నాడు. వ్యాసకర్త తేదీలు వేసిన ఫొటోలతో ఈమెయిలు పెట్టి, స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాడు. తనిఖీ అధికారి వచ్చి వెళ్ళాక గానీ కారే గట్టరు బాగుపడలేదు.

మరి మనకు? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఒక హక్కు ఇచ్చింది. యజమాని తాను చేయాల్సిన మరమ్మతును నోటీసు అందాక కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. చిక్కు ఆ 'చేయాల్సిన' దగ్గరే ఉంది. ఒప్పందంలో ఏ మరమ్మతు ఎవరిదో రాయకపోతే వాదించడం కష్టమవుతుంది. మన 11 నెలల పత్రాల్లో అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు ఉంటాయి; గోడల ఊసు ఉండదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం వెల్ల వేయించడం, నిర్మాణ మరమ్మతులు యజమాని పనేనని విడమరిచి చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే తన అద్దె చట్టం చేసుకుంది. అయినా ఇంటి ఓనరుకు నోటీసు ఇవ్వడమంటే మనవాళ్ళకు తగువు పెట్టుకోవడమే. ఈ జంకు పోవాలి.

గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లిలో అద్దెకిచ్చిన ఎన్నో ఇళ్ళ యజమానులు అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. తాళంచెవులు బాబాయి చేతిలో ఉంటాయి, అద్దె ఖాతాలో పడుతుంది. అక్కడ తమ గోడకు మచ్చ కనిపిస్తే చట్టం చూపి అడిగేవాళ్ళు, ఇక్కడ తమ ఇంట్లో ఉన్న కుటుంబానికీ అదే మర్యాద ఇవ్వాలి. ఈసారి పత్రం రాసేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: శ్లాబు కారినా, గోడ చెమ్మగిల్లినా కబురందిన 15 రోజుల్లో యజమాని ఖర్చుతో బాగుచేయించాలి. వానలు మొదలయ్యేలోగా మేస్త్రీని పంపండి.