ఎర్రర్ చూపించింది... ఎక్కేసింది!

మా బుచ్చిరెడ్డిపాలెంలో పెడల్ అంటే సైకిల్ పెడలో, కుట్టుమిషన్ పెడలో. గిటార్‌కి కూడా ఒకటుందంటే ‘దాన్నీ తొక్కాలా?’ అని నవ్వుతారు. తొక్కాలి మరి! గిటార్ వైరు ముందు ఈ పెట్టెలోకి వెళ్లి, అక్కణ్నుంచి స్పీకర్‌కి వెళ్తుంది. కాలితో స్విచ్ నొక్కామా, మీటిన స్వరం పెద్ద హాల్లో వాయించినట్టు సాగుతుంది, లేదా రెండు మూడుసార్లు ప్రతిధ్వనిస్తుంది.

మా పెద్దమ్మ కొడుకు ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తాడు. ఆయన ఎఫెక్ట్స్ మిషన్‌లోకి నవంబర్ వానల్లో నీళ్లు పోయాయి. ఇక అది లేవలేదు. కొత్తది కొనాలంటే వేలల్లో మాట. ఎకో లేని గిటార్‌ని ఆర్కెస్ట్రా వాళ్లు ఎన్నాళ్లు భరిస్తారు? “కీబోర్డులో గిటార్ సౌండు ఉండాదిలే అన్నా, నువ్వు వచ్చే వారం రా” అనేస్తారు. ఆ మాట ఆయన అప్పటికే ఒకసారి విన్నాడు. క్రిస్మస్ నెల పోతే ఇల్లు గడవడం కష్టం.

అందుకే పెట్టె మేమే చేసుకున్నాం. లోపల డైసీ సీడ్ అనే చిన్న బోర్డు ఉంటుంది. వేలెడంత ఉంటుంది గానీ ప్రాసెసర్ వేగం 480 మెగాహెర్ట్జ్. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. అంటే ఒక్కో కొలతకీ, తర్వాతి కొలతకీ మధ్య ప్రాసెసర్‌కి 10,000 టిక్కుల టైముంటుంది. ఆలోపు ఎకో లెక్క వేసేయాలి. వేయలేకపోతే స్పీకర్లో చిటపటలు.

ఎకో ఎలా వస్తుందంటే, మెమరీలో ఒక గానుగ ఉందనుకోండి. ఎద్దు తిరుగుతూ ఒక్కో గడిలో ఒక్కో కొలత రాసిపెడుతుంది. దాని వెనకాల కొంత దూరంలో ఇంకొకరు నడుస్తూ ఆ రాసినవి చదువుతుంటారు. ఇద్దరి మధ్య ఎంత దూరముంటే ఎకో అంత ఆలస్యం. పెడల్ మీద నాబ్ తిప్పితే మారేది ఆ దూరమే. ఒక సెకను ఎకోకి 48,000 అంకెలు, ఒక్కోదానికి 4 బైట్లు, మొత్తం 192 కిలోబైట్లు. బోర్డులో ఉన్నదేమో 64 మెగాబైట్లు. అయిదు నిమిషాల ఎకో కూడా పెట్టొచ్చు, వినేవాళ్లుంటే!

‘సంగీతానికి ఈ కంప్యూటర్ గోలేంటి’ అనే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కదా కర్ణాటక రాగాలు పలికించింది! మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటే, ఆయన అయిదు ఒంటి తీగలు పెట్టించుకున్నారు. గమకాలకి వాద్యాన్ని మార్చుకోవడం మనవాళ్లకి కొత్త కాదు.

ఇక అసలు ఘట్టం. సోల్డరింగ్ అయ్యాక కూడా ఆ పెట్టెకి ఏమీ రాదు, మూగది. సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. దానికి ముందు కావాల్సింది మంచి మైక్రో యూఎస్‌బీ వైరు. ఇంట్లో దొరికే చాలా వైర్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలుండవు. ఛార్జింగ్ ఎక్కుతుంది, లాప్‌టాప్‌కి మాత్రం బోర్డు కనపడదు. ఇంట్లో ఉన్న నాలుగు వైర్లలో పాత ఫోన్‌తో వచ్చినదొక్కటే పనికొచ్చింది.

బోర్డు మీద రెండు బుల్లి బటన్లు, బూట్, రీసెట్. బూట్ పట్టుకునే ఉండి, రీసెట్ నొక్కి వదిలి, తర్వాత బూట్ వదలాలి. అప్పుడు బోర్డు పాత ప్రోగ్రామ్ జోలికెళ్లకుండా, కొత్తదాని కోసం ఎదురుచూస్తుంది. విండోస్‌లో అయితే జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో డ్రైవర్ కూడా మార్చాలి. మొదట బ్లింక్ ఎక్కించాం. అందులో పాటా లేదు, పల్లవీ లేదు, బోర్డు మీది లైటు వెలిగి ఆరుతుందంతే. కానీ అది వెలిగితే వైరు, డ్రైవర్, బోర్డు మూడూ బాగున్నట్టే.

తర్వాత ఎకో ప్రోగ్రామ్. కమాండ్ కొట్టాను. గీత నిండుతోంది. పక్కన అన్న ఊపిరి బిగబట్టాడు.

“ఒరే, ఇప్పుడు కరెంటు పోతే?”

“లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉందన్నా.”

“వైరు ఊడితే?”

మంచి ప్రశ్నే. సగంలో ఆగితే ప్రోగ్రామ్ పాడవుతుంది గానీ బోర్డు చావదు. కొత్తదాన్ని లోపలికి తీసుకునే ఆ చిన్న కోడ్‌ని చిప్ తయారీలోనే చెరగని మెమరీలో పెట్టేస్తారు. మళ్లీ బూట్, రీసెట్ నొక్కి మొదట్నుంచి ఎక్కించుకోవచ్చు.

గీత నిండింది. వెంటనే కింద ‘ఎర్రర్’ అని పడింది. అన్న మొహం వాడిపోయింది. “పోయిందా? నాలుగు రోజులే ఉండాది కదరా!”

ఆ ఎర్రర్‌కి పైలైను చూడాలి. ‘ఫైల్ డౌన్‌లోడెడ్ సక్సెస్‌ఫుల్లీ’ అని ఉంటే పనైపోయినట్టే. ఎక్కించడం అయిపోగానే బోర్డు కొత్త ప్రోగ్రామ్‌తో పనిలోకి దిగిపోతుంది. ‘ఎలా ఉన్నావ్’ అని లాప్‌టాప్ అడిగితే పలకదు. దాన్నే లాప్‌టాప్ ఎర్రర్ అంటుంది. పెళ్లి కాగానే అత్తారింటికి వెళ్లిన అమ్మాయి ఫోన్ ఎత్తలేదని పుట్టింటివాళ్లు కంగారు పడ్డట్టు!

చెప్పినా అన్న నమ్మలేదు. యూఎస్‌బీ తీసేసి 9 వోల్టుల అడాప్టర్ పెట్టాం. గిటార్ పెడల్ అడాప్టర్లలో సాధారణంగా మైనస్ మధ్యలో ఉంటుంది, ఇంట్లో దొరికిన ఏదో ఒకటి పెట్టేయకండి. గిటార్ తగిలించి, స్విచ్ తొక్కి, ఒక్క తీగ మీటాడు.

ఠంగ్... ఠంగ్... ఠంగ్...

పెద్దమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన మాత్రం మాట్లాడకుండా అదే తీగని మళ్లీ మళ్లీ మీటుతూ కూర్చున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, “ఈ మొదటి నాబ్ పని మూడోదానికి మార్చు. కాలి బొటనవేలితో తిప్పుకోవాలి” అన్నాడు. షాపు మిషన్‌కైతే అడగలేని కోరిక అది. ఇక్కడ కోడ్‌లో రెండు అంకెలు మార్చి, మళ్లీ ఎక్కించడమే.

మళ్లీ ఎర్రర్ పడింది. ఈసారి ఆయన స్క్రీన్ వైపు చూడనే లేదు, గిటార్ శ్రుతి చేసుకుంటున్నాడు.