మొదటి ఎపిసోడుకే తీర్పు చెప్పే అలవాటు

నాకో చెడ్డ అలవాటుంది. టీవీలో కొత్తగా ఏ ప్రోగ్రాం మొదలైనా, మొదటి ఎపిసోడు అయ్యీ అవకముందే అది ఆడుతుందో పోతుందో చెప్పేస్తా. ఎవరూ అడగరు, అయినా చెప్తా. ఆఫీసులో డెమో చూసి ప్రాజెక్టు జాతకం చెప్పే మేనేజర్లని చూసి నవ్వుకుంటాను గానీ, ఇంటికెళ్తే నేను చేసే పనీ అదే.

నా రికార్డు కూడా చెప్పుకోవాలి కదా. 2014 జూన్‌లో మాటీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టినప్పుడు, అమితాబ్ లేకపోతే ఇది ఎవరు చూస్తారన్నా. నాన్న ఒక్కరోజు కూడా వదల్లేదు. 2017 జులై 16న జూనియర్ ఎన్టీఆర్‌తో బిగ్‌బాస్ మొదటి సీజన్ వచ్చింది. ఎవరో గిన్నెలు తోముకుంటుంటే చూసే ఓపిక మనవాళ్లకి లేదు, ఒక్క సీజన్‌తో సరి అన్నా. అదే ఏడు అక్టోబర్‌లో ‘కార్తీకదీపం’. మలయాళం నుంచి తెచ్చిన కథ, హీరోయిన్‌కి మేకప్‌తో నలుపు పూయడం. ఆర్నెల్లు కూడా నడవదన్నా. అది 2023 జనవరి దాకా నడిచింది! మా వరండాలో మిరపకాయలకి తొడిమలు తీయడానికి వచ్చే ఆడవాళ్లంతా ఆ సీరియల్ టైముకి పని అక్కడే పెట్టుకునేవాళ్లు. వాళ్లలో ఒకావిడ కూతురికి నలుపని రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఆవిడ ముందు కూర్చుని నేను మేకప్ బాలేదని విమర్శిస్తున్నా. అమ్మ కళ్లతోనే నోరు ముయ్యమంది.

సరే, అసలు చెప్పాలనుకున్నది బిగ్‌బాస్ ఏడో సీజన్ గురించి.

2023 సెప్టెంబర్ 3, ఆదివారం. నేను ఊళ్లో ఉన్నా. పర్చూరు దగ్గర మాది. 2022 నుంచి కాగితాల్లో బాపట్ల జిల్లా అయింది, నాన్న నోట్లో మాత్రం ఇంకా ప్రకాశమే. మిరప నాట్ల రోజులు. నాన్న పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, ‘ఏందిరా ఈ సంత’ అంటూనే మంచం మీద కూర్చున్నాడు. అమ్మ పక్కన బియ్యం ఏరుకుంటోంది. ‘ఉల్టా పుల్టా’ అంటూ నాగార్జున ఒక్కొక్కళ్లనీ లోపలికి పంపిస్తున్నాడు. మొత్తం 14 మంది. సీరియల్ వాళ్లు, సినిమా వాళ్లు, నాకు సగం మంది తెలీదు. నా తీర్పు అప్పటికే రెడీ అయిపోయింది.

అప్పుడొచ్చాడు పల్లవి ప్రశాంత్. సిద్దిపేట జిల్లా గజ్వేల్ వైపు పిల్లాడు, రైతుబిడ్డనని వీడియోలు చేసుకునేవాడు. నాగార్జున అతనికి ఒక మిరప మొక్క ఇచ్చి జాగ్రత్తగా పెంచమన్నాడు. నేను పకపకా నవ్వా. ఇది సానుభూతి ఓట్ల కోసం వేసిన ఎత్తు, రెండు వారాల్లో బయటికొస్తాడు అన్నా.

నాన్న నవ్వలేదు. కాసేపాగి,

‘ఒరేయ్, అదే రకం?’ అన్నాడు.

‘మిరప మొక్క నాన్నా.’

‘మిరపని నాకూ తెలుసురా. తేజానా, 341ఆ?’

నాకేం తెలుసు? నాకే కాదు, టీవీలో కనపడ్డ మొక్కని చూసి ఎవరైనా చెప్పలేరేమో. కానీ మా చేలో ఉన్నవి చూపించి అడిగినా నేను చెప్పలేను. అది నాన్నకీ తెలుసు. రెట్టించి అడగలేదు.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా చేలో పూత మొత్తం పోయింది. ఆ పురుగు పువ్వులోనే దూరి కూర్చుంటుంది, పూత నిలవదు, ఏ మందు కొట్టినా లొంగలేదు. ఎకరానికి లక్షన్నర పైన పెట్టుబడి, మూడెకరాలు, అందులో రెండు కౌలువి. నేనప్పుడు ఇంటి నుంచే పని. లోపల గదిలో తలుపేసుకుని మీటింగుల్లో ఉండేవాణ్ణి. అప్పు నా జీతంలోంచి కట్టాం. డబ్బు పంపించా కాబట్టి నా వంతు అయిపోయిందనుకున్నా. ఆ ఏడాది మొత్తం మీద చేలోకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెడితే ఒక చెయ్యి చాలు.

రెండు వారాలన్నా కదా, అతను పోలేదు. కొద్దిరోజులకే నామినేషన్లలో అమర్‌దీప్ రైతు కష్టానికి పోటీగా బీటెక్ చదివినవాళ్ల కష్టాలు ఎత్తుకున్నాడు. దేశమంతా జోకులేసుకుంది. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట, ‘ఏరా, అంత కష్టమా మీకు?’ :) ఎగతాళో నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ సీజన్ అంతా వారం వారం ఫోన్లో ఆ మొక్క ఏమైందని అడిగేవాడు. ఆటలో ఎవరు ముందున్నారన్నది ఆయనకి పట్టలేదు.

డిసెంబర్ 17న ప్రశాంతే గెలిచాడు. ప్రైజు 50 లక్షల్లో యావర్ 15 లక్షలు తీసుకుని తప్పుకుంటే మిగిలినవి 35. అది రైతులకిస్తానన్నాడు. నా తీర్పు మళ్లీ తప్పింది, అమ్మ వారం రోజులు ఏడిపించింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి రోజు మొక్క ఇవ్వడం ఎత్తే అని ఇప్పటికీ అంటాను. ఎత్తు ఎవరి మీద పనిచేస్తుందో అంచనా వేయలేకపోయా, అంతే.

2025 సెప్టెంబర్ 7న తొమ్మిదో సీజన్. ఈసారి మామూలు జనాన్ని కూడా ఎంచి పంపారు. మళ్లీ ఊళ్లోనే చూశా. ఆ ఏడాది మొదట్లో మిర్చి రేటు ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. మా టిక్కీలు చాలానాళ్లు కోల్డ్‌స్టోరేజీలోనే ఉన్నాయి. నాన్న ఆ ఏడు మిరప వెయ్యలేదు, మొత్తం పత్తే.

మొదటి ఎపిసోడు అయిపోయింది. అమ్మ, ‘చెప్పు, ఈసారెవరు?’ అంది. పదిహేను రోజులాగి చెప్తానన్నా. పొద్దున్నే నేనూ పత్తి చేలోకొస్తానని చెబుదామని నాన్న వైపు తిరిగా. అప్పటికే దోమతెర దించుకుని పడుకున్నాడు.