కొన్న వ్యాసము, వ్రాసిన వ్యాసము

మా యింటి మేడమీద నిలిచి చూచినచో మాదాపురపు గాజుమేడలు కానవచ్చును. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను గుండ్రని సౌధము వెలసిననాడు దాని చుట్టుప్రక్కల గండశిలలే హెచ్చుగా నుండెను. ఆ యేడే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. 1974లో నేర్పడి, తొలుత సరోజినీనాయుడుగారి గృహమగు గోల్డెన్ త్రెషోల్డున నడచిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆ ప్రాంతముననే యున్నది. ఇట్టి విద్యాక్షేత్రపు నీడలో కాపురముంటిమి గదా యని మేము గర్వించుచుంటిమి. ఆ గర్వమునకు గండికొట్టిన సంగతి యొకటి మా యింటనే జరిగినది. దానిని చదువరులకు దాచక చెప్పుట మేలని తోచినది.

నాలుగేండ్ల క్రిందట మా మేనల్లుడు ఇంజనీరింగు కడపటి సంవత్సరమున నుండెను. ఆ యేట ప్రతి విద్యార్థియు నొక విషయమును పరిశోధించి వ్యాసము సమర్పింపవలెను. అతడు మా యొద్దకు వచ్చి, “మామయ్యా! అమీరుపేటలో ప్రాజెక్టులు సిద్ధముగా దొరకును. అందఱును కొనుచున్నారు” అనెను. మేము ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినవారము. అయినను మాఱుమాటాడక పైకమిచ్చితిమి. దళసరి అట్టతో, బంగారువన్నె అక్షరములతో వ్యాసము వచ్చెను. మార్కులును వచ్చెను. కొన్ని నెలలకు హైటెక్ సిటీలో నొక కంపెనీవారు ఉద్యోగమునకై యతనిని పిలిచి, “ఈ పనికి వేఱు పద్ధతులును గలవు గదా, నీవు దీనినే యేల యెన్నుకొంటివి?” అని యొక్క ప్రశ్న వేసిరి. అతడు నోరు మెదపలేకపోయెను. ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్నము ముట్టలేదు. తప్పు సగ మతనిది. పైకమిచ్చిన మాది సగము.

నిరుడు అతని చెల్లెలికి అదే వంతు వచ్చెను. ఆమె సివిలు శాఖలో చదువుచున్నది. మా చెల్లెలు, “అన్నయ్యా! ఆడపిల్ల అంగళ్ల చుట్టు తిరుగనేల? నీవే తెచ్చియిమ్ము” అనెను. మేము తెచ్చియీయమంటిమి. అప్పుడు పిల్ల కన్నులెఱ్ఱచేసి, “అన్నయ్యకు ఇచ్చితిరి. నాకేల ఇయ్యరు, మామయ్యా?” అని యడిగినది. న్యాయమైన ప్రశ్నయే. “వానికి ఇచ్చి చెడగొట్టితిమి, అందువలననే నీకు ఇయ్యము. పైకమునకు మాఱుగా ఆదివారములన్నియు నీకిచ్చెదము” అంటిమి. ఆమెకు సంతోషము కలుగలేదు.

ఆమె వ్రాసికొని వచ్చిన శీర్షిక “దుర్గముచెరువు కాలుష్యము — కారణములు, నివారణోపాయములు” అని. గోలకొండ దుర్గమునకు నీరిచ్చినదని చెప్పుకొను చెరువది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది. సాయంకాలమున దీపములు చూడవచ్చు జనము వంతెననే చూతురు గాని క్రింది నీటిని చూడరు. విషయము మంచిదే, కాని అది వ్యాసమునకు పట్టునది కాదు. కారణములన్నియు, ఉపాయములన్నియు నొక విద్యార్థిని నాలుగు నెలలలో తేల్చునట్లైనచో ప్రభుత్వశాఖలన్నియు నేల?

అప్పుడు మేమామెకు మన యూరి కథయే యొకటి చెప్పితిమి. 1897 ఆగస్టు 20వ తేదిని సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన పనిచేసిన కట్టడము బేగంపేటలో నేటికి నున్నది. 1902లో నోబెలు బహుమాన మాయనకు లభించెను. అంతటి సంగతిని లోకమునకు తెలుపుచు 1897 డిసెంబరులో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసమున కాయన పెట్టిన పేరు, మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత కణములను గూర్చి యని మాత్రమే. మలేరియా రహస్యము భేదించితినని ఆయన చాటలేదు. చూచినవి రెండు దోమలు. చెప్పినదియు రెండు దోమలను గూర్చియే. ఇది విన్న పిల్ల తన శీర్షికను తానే కొట్టివేసి, “ఈ చెరువు నీటిలో కరగియున్న ప్రాణవాయువు ప్రొద్దునను మధ్యాహ్నమును ఒక్కటిగా నుండునా?” అని వ్రాసికొన్నది. ప్రశ్న చిన్నదైనకొలది జవాబు గట్టిదగునని మాకును ఆనాడే చక్కగ తెలిసినది.

ఆ ప్రశ్న యొక పొరపాటునుండి పుట్టినదని చెప్పక తప్పదు. మొదటి యాదివారము తెల్లవాఱగనే నీరు పట్టితిమి. రెండవ యాదివారము ఆలసించి మిట్టమధ్యాహ్నము పట్టితిమి. పరీక్ష 1888లో వింక్లరు అను హంగేరీ దేశపు రసాయనవేత్త కనిపెట్టినది. బుడగ లేకుండ సీసా నింపి, అక్కడికక్కడే మాంగనీసు లవణమును క్షారముతో కూడిన అయొడైడును చేర్చవలెను. నీటిలో ప్రాణవాయువున్నచో గోధుమవన్నె మడ్డి యేర్పడును. లేనిచో తెల్లగానే యుండును. పిదప ప్రయోగశాలలో ఆమ్లము పోసి, గంజి చేర్చి, నీలివన్నె పోవువఱకు థయోసల్ఫేటు ద్రావణమును చుక్కచుక్కగా విడువవలెను. పట్టిన చుక్కల కొలది వాయువు లెక్క తేలును. రెండవ వారము లెక్క పెరిగినదని చూచి పిల్ల, “చెరువు బాగుపడుచున్నది, మామయ్యా!” అని గంతులు వేసినది.

చెరువు బాగుపడలేదు. మురుగుచే బలిసిన నీటిలో పాచి దట్టముగా పెరుగును. ఆ పాచి పగలు ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి తానే పీల్చుకొనును. కావున తెల్లవాఱుజామున చేపలు ఊపిరాడక తేలునట్టి చెరువే మధ్యాహ్నమున ఆరోగ్యముగా నున్నట్లు కానవచ్చును. వేళ గమనింపక కొలిచినవాడు అబద్ధమాడకయే అబద్ధము వ్రాయును. ఇది ప్రయోగశాలలోని సహాయకు డొకడు చెప్పగా తెలిసికొని, అటుపై ఒకే చోట, ఒకే లోతున, ఒకే దినమున మూడు వేళల నీరు పట్టుటకు నిర్ణయించితిమి. మొదటి రెండు లెక్కలను చింపివేయక, తప్పు జరిగిన విధముతో సహా వ్యాసమున చేర్పుమంటిమి. పిల్లకు సిగ్గువేసినది; అయినను చేర్చినది.

వ్రాయుటకు కూర్చుండినప్పుడు మొదటి వాక్యమే రాక మూడుదినములు గడచెను. పీఠిక తుదకు వ్రాయుమనియు, ముందు చేసిన పనిని, పిదప కనుగొన్న దానిని, ఆ పిమ్మట దాని యర్థమును వ్రాయుమనియు చెప్పితిమి. కలము సాగెను. నడుమ నొకనాడు, అడిగినంతనే వ్యాసము వ్రాసియిచ్చు యంత్రము నాశ్రయించి నాలుగు పుటలు తెచ్చినది. భాష నున్నగా నున్నది. అందుదాహరించిన గ్రంథములలో రెండు ఎంత వెదకినను ఏ పట్టికలోను లేవు! ఆ పుటలను తానే తీసివేసినది. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు చేసిన నియమముల ప్రకారము పరిశోధన వ్యాసమున పరుల రచనతో పోలిక నూటికి పది దాటినచో తిరిగి వ్రాయవలెను. అఱువది దాటినచో పరిశోధకుని నమోదే రద్దగును. నియమము మంచిదే. కాని కొలిచి చూడని చెరువును కొలిచితినని వ్రాసిన కల్లను ఏ పోలిక యంత్రము పట్టును?

వ్యాసము పదునొకండు పుటలైనది. కళాశాలలో దానికి వచ్చిన మార్కులు, కొనితెచ్చిన వ్యాసములకు వచ్చినవానికంటె తక్కువ. మా చెల్లెలు మమ్ము నిష్ఠురములాడినది. మాకును మనసు చివుక్కుమన్నది. కాని పరీక్షకులు, “మొదటి రెండు లెక్కల నేల విడిచితివి?” అని యడిగినప్పుడు పిల్ల పావుగంట తడబడక మాటాడినదని విన్నాము. ఆ సాయంకాలము ఆమె యన్న వ్యాసమును తీసికొని మొదటినుండి తుదివఱకు చదివి, ఏమియు అనక, తన బంగారు అక్షరముల పుస్తకమును అటకమీదికి చేర్చెను.

తల్లిదండ్రులారా! బిడ్డ బదులు పరీక్ష వ్రాయుటకు మఱియొకని పంపుమన్నచో మనము చెవులు మూసికొందుము. కాని వ్యాసమునకై పైకమడిగినచో సంచి విప్పుదుము. రెండును ఒక్కటియే. ఈసారి ఎవరైన మీ యింట ఆ మాట యెత్తినచో పైకమీయకుడు. ఒక యాదివారము ఇండు. మేము ఆలస్యముగా నిచ్చితిమి. అది యొక బిడ్డకే దక్కినది.