మారిపోయే నియమాలు

పిల్లల్ని కౌగిలించుకోవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే చెయ్యి కలిపితే చాలని అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో పుస్తకమే రాశాడు. అది చదివి, బిడ్డను ముద్దాడినందుకు నొచ్చుకున్న తల్లులు ఉండే ఉంటారు, పాపం. 1946లో డాక్టర్ బెంజమిన్ స్పాక్ పిల్లల పెంపకంపై రాసిన పుస్తకంలో మీ మనసును నమ్ముకోండన్నాడు. ఆ పుస్తకమే తర్వాతి ముద్రణల్లో పసివాళ్లను బోర్లా పడుకోబెట్టమంది. అది ప్రాణాంతకం కావచ్చని తేలాక 1990లలో వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం మొదలైంది. నిపుణులే ఇన్నిసార్లు మాట మార్చారు. వాళ్ల నియమాలు పాటించలేని తల్లిదండ్రులు మాత్రం నేరస్థుల్లా తలదించుకోవాలా?

అలాగైతే అసలు నియమాలే వద్దా అంటారు. కొన్ని తప్పవు. టీకాలు వేయించడం, వెల్లకిలా పడుకోబెట్టడం, ఏడాది నిండేదాకా తేనె నాకించకపోవడం ప్రాణానికి సంబంధించినవి. వీటిలో అమ్మమ్మ మాటైనా పక్కన పెట్టాల్సిందే. మూడేళ్లకే అక్షరాలు దిద్దాలి, కంచంలో మెతుకు మిగలకూడదు, చుట్టాలు రాగానే పద్యం అప్పజెప్పాలి లాంటివి చాలావరకు పెద్దల పరువు కోసం పుట్టినవే. వీటిలో మీ ఇంట్లో రోజూ గొడవ పెడుతున్నదేదో చూసి, ముందు దాన్ని మానేయండి.